హీట్ ఎక్స్ఛేంజర్‌లో ట్యూబు తెగితే ఎంత ప్రవాహం బయటపడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని సమాధానాలు ప్రధానంగా షెల్ అండ్ ట్యూబ్ హీట్ ఎక్స్ఛేంజర్లకు, అంటే షెల్ అనే పెద్ద గొట్టంలో సన్నని ట్యూబుల కట్టను అమర్చి వేడిని మార్పిడి చేసే పరికరాలకు, సంబంధించినవి. ప్రత్యేకంగా చెప్పని చోట పీడనాలన్నీ నిరపేక్ష పీడనాలేనని, అంటే శూన్యం నుంచి కొలిచినవేనని గమనించగలరు.

ఈ లెక్క అసలు దేనికోసం?

ఎక్స్ఛేంజర్‌లో రెండు ప్రవాహులు ఒక పలుచని లోహపు గోడకు చెరో వైపున నడుస్తుంటాయి. ఒక వైపు 50 బార్లు, మరో వైపు అయిదారు బార్లు ఉండటం రిఫైనరీల్లో, ఎరువుల కర్మాగారాల్లో మామూలే. మధ్యనున్న ట్యూబు గోడ మందం చాలాచోట్ల రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ గోడ తెగితే ఎక్కువ పీడనం ఉన్న ప్రవాహి తక్కువ పీడనానికి కట్టిన వైపుకు దూసుకువస్తుంది. అలా వచ్చేది ఎంత, దాన్ని సురక్షితంగా బయటికి పంపడానికి ఎంత పెద్ద రిలీఫ్ వాల్వ్ (పీడనం హద్దు దాటితే తెరుచుకునే వాల్వ్) కావాలి అన్నవే ఇక్కడి ప్రశ్నలు. మొదటిదానికి సమాధానం కాగితం మీద పది నిమిషాల్లో వస్తుంది. రెండోది మొదటిదాని నుంచి నేరుగా వస్తుందని అనుకోవడం వల్లే చాలా లెక్కలు దారి తప్పుతాయి. ఆ సంగతి కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఏ సందర్భంలో ఈ లెక్క చేయనక్కర లేదు?

తక్కువ పీడన భాగం హైడ్రోటెస్ట్‌లో (నీళ్లు నింపి చేసే పీడన పరీక్షలో) తట్టుకున్న పీడనం, ఉష్ణోగ్రతకు తగ్గ సవరణ చేశాక, రెండో వైపు నుంచి రాగల గరిష్ఠ పీడనానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే, ట్యూబు తెగినందుకే ప్రత్యేకంగా రిలీఫ్ ఏర్పాటు అక్కరలేదన్నది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 521 ప్రమాణం అనుసరించే పద్ధతి. పాతకాలపు ఇంజనీర్లు దీన్ని మూడింట రెండు వంతుల నియమం అనేవారు. అప్పట్లో డిజైన్ పీడనానికి ఒకటిన్నర రెట్లతో పరీక్షించేవారు కాబట్టి. 1990ల చివర్లో ఏఎస్‌ఎంఈ (అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం) పీడన పాత్రల కోడ్ ఎనిమిదో సెక్షన్ మొదటి డివిజన్‌లో ఆ గుణకం 1.5 నుంచి 1.3కు తగ్గింది. దాంతో నియమం 13లో 10 వంతులుగా మారింది. ఉదాహరణకు ట్యూబుల వైపు డిజైన్ పీడనం గేజి మీద (అంటే వాతావరణ పీడనానికి పైన) 40 బార్లు అయితే, షెల్ వైపు దాదాపు 31 బార్లకు డిజైన్ చేసి ఉండాలి.

ఇక్కడ షెల్ ఒక్కదాన్నే చూసి సరిపెట్టుకోకూడదు. షెల్‌కు కలిసిన కూలింగ్ వాటర్ పైపులు, వాటి మీది వాల్వులు, ఫ్లెక్సిబుల్ హోస్‌లు, అదే హెడర్ మీదున్న ఇతర కూలర్లు కూడా ఆ పీడనాన్ని తట్టుకోగలగాలి. షెల్‌ను మందంగా చేయించి, దాని పక్కనున్న పైపును పాత రేటింగ్‌లోనే వదిలేసిన డ్రాయింగులు అరుదేమీ కాదు.

ట్యూబు ఎక్కడ, ఎలా తెగిందని ఊహించాలి?

ఒకే ఒక్క ట్యూబు, ట్యూబ్ షీట్ (ట్యూబుల చివర్లను బిగించే మందపాటి పలక) వెనుక అంచు దగ్గర, కత్తితో కోసినట్టు అడ్డంగా పూర్తిగా తెగిందని ఊహిస్తారు. అప్పుడు ప్రవాహికి రెండు దారులు ఏర్పడతాయి. ఒకటి ట్యూబ్ షీట్‌లోనే మిగిలిపోయిన పొట్టి ముక్క, రెండోది అవతలి చివర దాకా ఉన్న పొడవు ముక్క. ఎక్కువ పీడనం ట్యూబుల్లో ఉన్నా షెల్‌లో ఉన్నా ఈ రెండు దారుల లెక్క మారదు. ప్రాథమిక అంచనాకు రెండు దారులనూ ట్యూబు లోపలి వ్యాసం ఉన్న రెండు ఆరిఫిస్‌లుగా (రంధ్రాలుగా) తీసుకోవడం వాడుక.

సాధారణంగా కనిపించే 19.05 మి.మీ. వెలుపలి వ్యాసం, 14 గేజి, అంటే 2.11 మి.మీ. మందం ఉన్న ట్యూబును తీసుకుందాం. లోపలి వ్యాసం 14.83 మి.మీ., రంధ్రం వైశాల్యం 1.73 చదరపు సెం.మీ. కింది లెక్కలన్నీ ఈ ట్యూబుకే.

అలా పూర్తిగా తెగడం నిజంగా జరుగుతుందా, లేక కాగితం మీది భయమేనా?

జరుగుతుంది, అరుదుగా. రోజువారీగా కనిపించేవి సూదిబెజ్జం లీకులు, ట్యూబు–ట్యూబ్ షీట్ జాయింటు దగ్గర చెమ్మ, తుప్పు వల్ల పలచబడిన చోట చీలికలు. అయితే పూర్తి తెగుదలకు నమోదైన ఉదాహరణలు అణువిద్యుత్ కేంద్రాల స్టీమ్ జనరేటర్లలో ఉన్నాయి. అక్కడ ప్రతి లీటరుకూ లెక్క ఉంటుంది గనుక సమాచారం బాగా దొరుకుతుంది. అమెరికాలోని నార్త్ ఆనా ఒకటో యూనిట్‌లో 1987 జులైలోనూ, జపాన్‌లోని మిహామా రెండో యూనిట్‌లో 1991 ఫిబ్రవరి 9నా ట్యూబు చుట్టూరా తెగింది. రెండు చోట్లా కారణం కంపనాల వల్ల వచ్చిన లోహపు అలసట. మిహామాలో కంపనాలను ఆపాల్సిన పట్టీలు డిజైన్‌లో చెప్పినంత లోతుకు దిగలేదని తర్వాత తేలింది. తెగిన చోటు మాత్రం ట్యూబ్ షీట్ కాదు, పైన ఉన్న సపోర్ట్ ప్లేటు.

న్యూయార్క్ రాష్ట్రంలోని గినా కేంద్రంలో 1982 జనవరి 25న ట్యూబు అడ్డంగా తెగలేదు, పొడవునా చేపనోటిలా విచ్చుకుంది. లోపల మిగిలిపోయిన లోహపు ముక్క రాసుకోవడం వల్ల గోడ అరిగింది. అయినా లీకు మొదట్లో నిమిషానికి సుమారు 760 అమెరికన్ గ్యాలన్లు, అంటే దాదాపు 2,900 లీటర్లుగా అంచనా వేశారు. 2000 ఫిబ్రవరిలో ఇండియన్ పాయింట్ రెండో యూనిట్‌లో యూ-బెండ్ దగ్గర పగులు వచ్చినప్పుడు అది సుమారు 146 గ్యాలన్లే. ఒకే రకం పరికరంలో, ఒకే ఒక్క ట్యూబులో ఇంత తేడా ఉంటుంది. డిజైన్‌కు పెద్ద సంఖ్యనే పట్టుకోవాలి, కానీ నడుస్తున్న ప్లాంటులో లీకును ముందే కనిపెట్టడానికి చిన్న సంఖ్యల గురించి ఆలోచించాలి.

ద్రవం అయితే ప్రవాహాన్ని ఎలా అంచనా వేయాలి?

మరగని ద్రవానికి పాఠ్యపుస్తకంలోని ఆరిఫిస్ సూత్రమే సరిపోతుంది.

ద్రవ్యరాశి ప్రవాహం = గుణకం × వైశాల్యం × √(2 × సాంద్రత × పీడనభేదం)

ట్యూబుల్లో 40 బార్ల వద్ద ఘనపు మీటరుకు 750 కి.గ్రా. సాంద్రత గల నూనె, షెల్‌లో 6 బార్లు ఉన్నాయనుకుందాం. పీడనభేదం 34 బార్లు. గుణకం 0.62గా తీసుకుంటే ఒక్కో దారిలో సెకనుకు 7.6 కి.గ్రా., రెండింటికీ కలిపి 15.3 కి.గ్రా. వస్తుంది. గంటకు 55 టన్నులు, పరిమాణంలో దాదాపు 73 ఘనపు మీటర్లు. ఒక్క ట్యూబుకు ఇంతా అని ఆశ్చర్యపోయేవారు ఉంటారు గానీ, 34 బార్ల తోపుడుకు ఇది మామూలే.

పొడవు ముక్కలోని ఘర్షణను లెక్కలోకి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. పై ఉదాహరణలో ట్యూబు 6 మీటర్లు, డార్సీ ఘర్షణ గుణకం 0.02 అనుకుంటే, పొడవును వ్యాసంతో భాగిస్తే వచ్చే 405ను 0.02తో గుణిస్తే 8.1, దానికి ప్రవేశ, నిర్గమ నష్టాలు 1.5 కలిపితే 9.6. ఆ ముక్కలో ప్రవాహం 7.6 నుంచి సెకనుకు 4 కి.గ్రా.కు పడిపోతుంది. మొత్తం గంటకు 55 టన్నులకు బదులు 42 టన్నులు. ఉన్న రిలీఫ్ వాల్వ్ కాస్తలో సరిపోని పాత ప్లాంటులో ఈ తేడా పనికొస్తుంది. కొత్త డిజైన్‌లో అయితే ఈ తగ్గింపు కోసం ఆరాటపడటం అనవసరమని నా అభిప్రాయం. ఒక సైజు పెద్ద వాల్వ్ ఖరీదు, ఆ తగ్గింపును ప్రతి ఆడిట్‌లో సమర్థించుకునే శ్రమ కంటే తక్కువే.

వాయువు అయితే?

ముందుగా ప్రవాహం చోక్ అవుతుందో లేదో చూడాలి. అవతలి పీడనం ఒక హద్దు కంటే తగ్గితే, ఇక ఎంత తగ్గించినా రంధ్రం గుండా వెళ్లే ద్రవ్యరాశి పెరగదు. విశిష్టోష్ణాల నిష్పత్తి 1.4 ఉన్న గాలికి ఆ హద్దు మూల పీడనంలో 0.528 వంతు, 1.3 ఉన్న మీథేన్ లాంటి వాయువుకు 0.546 వంతు.

50 బార్లు, 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మీథేన్ ట్యూబుల్లో ఉంది, షెల్‌లో 10 బార్లు ఉన్నాయనుకుందాం. హద్దు 27.3 బార్లు కాబట్టి ప్రవాహం చోక్ అవుతుంది. సంపీడన గుణకం 0.92గా తీసుకుంటే రంధ్రంలో ద్రవ్యరాశి ప్రవాహ సాంద్రత చదరపు మీటరుకు సెకనుకు సుమారు 8,600 కి.గ్రా. ఆరిఫిస్ గుణకం 0.7తో రెండు దారులకూ కలిపి సెకనుకు 2.1 కి.గ్రా., గంటకు 7,500 కి.గ్రా. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం.

పీడనం తగ్గగానే మరిగే ద్రవం సంగతేమిటి?

ప్రొపేన్, అమ్మోనియా, మరుగు స్థానం దగ్గరున్న కండెన్సేట్ లాంటివి రంధ్రం గుండా వెళ్తూనే పాక్షికంగా ఆవిరవుతాయి. వీటిని పూర్తిగా ద్రవంగా గానీ, పూర్తిగా వాయువుగా గానీ లెక్కిస్తే రెండూ తప్పే. 40 డిగ్రీల వద్ద సంతృప్త స్థితిలో ఉన్న ప్రొపేన్‌ను తీసుకోండి, దాని పీడనం 13.7 బార్లు. అవతల 5 బార్లు ఉంటే, గుణకం కలపకముందు, పూర్తి ద్రవంగా లెక్కించినప్పుడు చదరపు మీటరుకు సెకనుకు సుమారు 28,500 కి.గ్రా., సమతాస్థితి మరుగుడు నమూనా (ద్రవం, ఆవిరి సమతాస్థితిలో ఉన్నాయనే ఊహ) ప్రకారం సుమారు 10,400 కి.గ్రా., పూర్తి ఆవిరిగా అయితే సుమారు 4,100 కి.గ్రా. వస్తాయి. మొదటిదానికీ చివరిదానికీ ఏడు రెట్ల తేడా!

మరుగుడుకు కొంత సమయం, కొంత పొడవు కావాలి. దాదాపు 10 సెం.మీ. ప్రయాణం తర్వాతే సమతాస్థితి ఏర్పడుతుందన్నది ప్రయోగాల నుంచి వచ్చిన అంచనా. ట్యూబ్ షీట్ మందం 50 మి.మీ. ఉంటే, పొట్టి ముక్కలో ద్రవం మరిగేలోపే బయటపడి, ప్రవాహం ద్రవపు లెక్కకు దగ్గరగా ఉంటుంది. ఆరు మీటర్ల పొడవు ముక్కలో సమతాస్థితి నమూనాయే సరి, పైగా ఘర్షణ కూడా కలుస్తుంది. అంటే రెండు దారులకూ రెండు వేర్వేరు నమూనాలు వాడటమే న్యాయం. ఏపీఐ 520లోని ఒమేగా పద్ధతి సమతాస్థితి లెక్కకు చేతికందే సాధనం.

ఏ పీడనాలను తీసుకోవాలి?

తక్కువ పీడన భాగానికి రిలీఫ్ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పటి పీడనం, అంటే ఒక్క వాల్వ్ ఉన్నప్పుడు మామూలుగా సెట్ పీడనం మీద 10 శాతం అదనం. ఎక్కువ పీడన భాగానికి కొన్ని సంస్థలు గరిష్ఠ నిర్వహణ పీడనాన్ని, కొన్ని డిజైన్ పీడనాన్ని తీసుకుంటాయి. మీ సంస్థ ప్రమాణం ఏది చెబితే దాన్నే అన్ని ఎక్స్ఛేంజర్లకూ వాడండి.

షెల్ నిండా నీళ్లు ఉండి, ట్యూబుల్లోంచి వాయువు దూసుకొస్తే ఏమవుతుంది?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పై మీథేన్ ఉదాహరణకు తిరిగి వెళ్దాం. గంటకు 7,500 కిలోల వాయువును 10 బార్ల వద్ద బయటికి పంపడానికి రిలీఫ్ వాల్వ్‌కు దాదాపు 13 చదరపు సెం.మీ. వైశాల్యం చాలు. ప్రామాణిక ఆరిఫిస్ అక్షరాల్లో అది ‘ఎల్’ సైజు. చాలా డేటాషీట్లలో లెక్క ఇక్కడితో ముగుస్తుంది.

కానీ ట్యూబు తెగిన తొలి క్షణాల్లో రిలీఫ్ వాల్వ్ దగ్గరున్నది వాయువు కాదు, నీళ్లు. ఆ 2.1 కిలోల వాయువు 10 బార్లకు వ్యాకోచించి, ఉష్ణోగ్రత తగ్గుదలను పక్కన పెడితే, సెకనుకు దాదాపు 330 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. షెల్ నిండుగా ఉంది, నీళ్లు దాదాపుగా నలగవు. కాబట్టి పీడనం పెరగకుండా ఉండాలంటే అంతే పరిమాణం నీళ్లు సెకనుకు 330 లీటర్ల చొప్పున, అంటే గంటకు 1,200 ఘనపు మీటర్ల చొప్పున ఎటో ఒకవైపు పోవాలి. వాటిని ఒక్క రిలీఫ్ వాల్వ్ గుండానే పంపాలంటే సుమారు 120 చదరపు సెం.మీ. కావాలి. ‘ఆర్’ సైజు చాలదు, ప్రామాణిక వరుసలో ఆఖరిదైన ‘టీ’కి వెళ్లాలి. అదే ట్యూబు, అదే రంధ్రం, అదే వాయువు. వైశాల్యం మాత్రం తొమ్మిది రెట్లు.

ఈ స్థితి ఎక్కువసేపు ఉండదు. 800 మి.మీ. వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉన్న షెల్‌లో ట్యూబుల మధ్య దాదాపు రెండు ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. ఆరేడు సెకన్లలో అవి ఖాళీ అయి, వెనక నుంచి వాయువు వస్తుంది. పరికరం బతికి బయటపడాల్సింది ఆ ఆరేడు సెకన్లే. వాయువు లెక్కతో సైజు చేసిన వాల్వ్ ఆ సెకన్లకు సరిపోదు, అందుకే నీళ్ల స్థానభ్రంశం లెక్కను కూడా తప్పనిసరిగా చేసి, రెండింటిలో పెద్దదాన్ని తీసుకోవాలి.

స్థిరస్థితి లెక్క ఎప్పుడు చాలదు?

రెండు వైపుల డిజైన్ పీడనాల మధ్య తేడా 70 బార్లు, ఆ పైన ఉన్నప్పుడు, ముఖ్యంగా తక్కువ పీడన భాగం ద్రవంతో నిండి ఉండి అవతల వాయువు గానీ మరిగే ద్రవం గానీ ఉన్నప్పుడు, డైనమిక్ విశ్లేషణ (పీడనం క్షణక్షణం ఎలా మారుతుందో చూసే లెక్క) చేయాలన్నది ఏపీఐ 521 సూచన. కారణం పీడన తరంగం. నీళ్లలో అది సెకనుకు దాదాపు 1,400 మీటర్ల వేగంతో పోతుంది. నీళ్ల వేగంలో ప్రతి ఒక్క మీటరు ఆకస్మిక మార్పుకూ సుమారు 14 బార్ల పీడనం పుడుతుంది. ఆ తొలి పోటు కొన్ని మిల్లీసెకన్లలోనే షెల్ గోడను తాకుతుంది, ఏ వాల్వూ ఇంకా కదలకముందే. లోపలి బాఫిల్స్ (ప్రవాహాన్ని మళ్లించే అడ్డుపలకలు), పైపు వంపులు, పక్కనున్న కూలర్ల దాకా ఆ తరంగం ఎలా వెళ్తుందో చూడాలంటే సాఫ్ట్‌వేర్ తప్పదు. బ్రిటన్‌లో 2000లో వెలువడిన మార్గదర్శకాలు ఈ విషయాన్ని లోతుగా చర్చించాయి.

రిలీఫ్ వాల్వ్ పెట్టాలా, రప్చర్ డిస్క్ పెట్టాలా?

స్ప్రింగ్ వాల్వ్ పూర్తిగా లేవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. రప్చర్ డిస్క్, అంటే పీడనం హద్దు దాటితే పగిలిపోయే పలుచని రేకు, కొన్ని మిల్లీసెకన్లలో పగులుతుంది. పీడనభేదం పెద్దదై, షెల్ నీళ్లతో నిండి ఉన్నచోట డిస్కే నయం. దాన్ని షెల్‌కు వీలైనంత దగ్గరగా, పెద్ద నాజిల్ మీద పెట్టాలి. ఇరవై మీటర్ల పైపు అవతల పెట్టిన డిస్క్ పగిలేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. పీడనభేదం తక్కువగా ఉండి, రెండు వైపులా ద్రవాలే అయితే మామూలు వాల్వ్ సరిపోతుంది.

మామూలు అవుట్‌లెట్ పైపు గుండా పోయేదాన్ని మొత్తం నుంచి తీసేయవచ్చా?

ఆ దారి మూసుకుపోదని చూపగలిగితే తీసేయవచ్చు. అవుట్‌లెట్‌లో కంట్రోల్ వాల్వ్ ఉంటే, అది ట్యూబు తెగిన క్షణంలో ఉన్న తెరుపు మేరకే లెక్కించాలి. చేతితో తిప్పే వాల్వ్ ఉంటే అది తెరిచి ఉండేలా తాళం వేసి, రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఇన్‌లెట్ వైపు చెక్ వాల్వ్ ఉంటే అటు వెనక్కి పోవడాన్ని లెక్కించకూడదు.

తీసేసినదాని సంగతి అక్కడితో తీరదు. కూలింగ్ వాటర్ రిటర్న్‌లో కలిసిన వాయువు కూలింగ్ టవర్ దగ్గర తేలుతుంది. అక్కడ ఫ్యాన్లు, మోటార్లు ఉంటాయి, మనుషులు తిరుగుతుంటారు. హైడ్రోకార్బన్లను చల్లబరిచే సర్క్యూట్ల టవర్ మీద గ్యాస్ డిటెక్టర్ పెట్టేది ఇందుకే. ఫ్లేర్‌కు (వాయువులను కాల్చేసే చిమ్నీకి) కలిపితే మొదటి సెకన్లలో వచ్చే నీళ్ల ముద్దను నాకౌట్ డ్రమ్ (ద్రవాన్ని వేరుచేసే పాత్ర), హెడర్ సపోర్టులు తట్టుకోవాలి. భారతదేశంలోని రిఫైనరీలు ఈ విషయంలో ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్) 106 ప్రమాణాన్ని కూడా చూడాలి.

రెండు ప్రవాహులు కలిసినందువల్ల ప్రవాహం రేటు మారుతుందా?

మారవచ్చు. 250 డిగ్రీల వేడి నూనె నీళ్లున్న షెల్‌లోకి వస్తే, నూనె పరిమాణానికి తోడు దాని వేడికి పుట్టే ఆవిరిని కూడా కలపాలి. చాలాసార్లు ఆవిరి వాటానే ఎక్కువ అవుతుంది. ప్రొపేన్ నీళ్లలోకి వస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం: వాతావరణ పీడనానికి చేరినప్పుడు అది మైనస్ 42 డిగ్రీల దాకా చల్లబడగలదు, రిలీఫ్ పైపులో నీళ్లు గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు.

ఫార్మా యూనిట్లలోని చిన్న కండెన్సర్లకు ఇదంతా అవసరమా?

పరవాడ, పాశమైలారం లాంటి చోట్ల బల్క్ డ్రగ్ యూనిట్లలో పరిస్థితి తరచుగా తలకిందులుగా ఉంటుంది. ప్రాసెస్ వైపు వాతావరణ పీడనమో, వ్యాక్యూమో. యూటిలిటీ వైపు బ్రైన్ (చల్లబరిచే ఉప్పునీరు) మూడు నాలుగు బార్లు. కాబట్టి ట్యూబు తెగితే బ్రైన్ సాల్వెంట్ రిసీవర్‌లోకి, అక్కడి నుంచి రియాక్టర్‌లోకి వస్తుంది. ప్రవాహం లెక్క పద్ధతి అదే, పీడనం చిన్నది కాబట్టి సంఖ్యా చిన్నదే. అయితే రియాక్టర్‌లో నీటితో చర్య జరిపే పదార్థం ఉంటే, ఎంత వేగంగా వస్తుందన్నదాని కంటే ఎంత సేపట్లో ఎంత చేరుతుందన్నది ముఖ్యం అవుతుంది.

డబుల్ పైప్, ఎయిర్ కూలర్, ఫర్నేస్ ట్యూబులకు ఇదే వర్తిస్తుందా?

డబుల్ పైప్‌లో లోపలిది మామూలు పైపు మందంతో ఉంటే, దాన్ని పైపుగానే చూసి పూర్తి తెగుదలను సాధారణంగా ఊహించరు. ఎయిర్ కూలర్‌లో ట్యూబు బయట ఉన్నది గాలి, కాబట్టి అది రిలీఫ్ లెక్క కాదు, లీకు, మంటల లెక్క. ఫర్నేస్‌లో నిప్పు ముందే ఉంది. అక్కడ ప్రవాహం అంచనా ఫీడ్‌ను ఎంత త్వరగా ఆపాలో తేల్చడానికి పనికొస్తుంది.

ట్యూబులు మార్చినప్పుడు లెక్క మళ్లీ చేయాలా?

చేయాలి, రీట్యూబింగ్‌లో గేజి మారినా సరే. 14 గేజి బదులు 16 గేజి ట్యూబు వేస్తే మందం 1.65 మి.మీ.కు తగ్గి, లోపలి వ్యాసం 15.75 మి.మీ. అవుతుంది. వైశాల్యం, దానితో పాటు తెగినప్పుడు వచ్చే ప్రవాహం, దాదాపు 13 శాతం పెరుగుతాయి. వెలుపలి వ్యాసం అదే కాబట్టి డ్రాయింగ్ మీద ఏమీ మారినట్టు కనిపించదు. కొనుగోలు విభాగం కూడా ‘అదే సైజు’ అనే రాస్తుంది. ప్లాంటు సామర్థ్యం పెంచుతూ ఎక్కువ పీడన భాగాన్ని మరో అయిదు బార్లు పెంచినప్పుడు, కూలింగ్ వాటర్ హెడర్‌కు కొత్త కూలర్ కలిపినప్పుడు, చెక్ వాల్వ్ కొత్తగా పెట్టినప్పుడు కూడా ఇదే మాట. మార్పుల ఆమోద పత్రంలో ‘ట్యూబు తెగుదల లెక్క తిరిగి చూశారా’ అన్న గడి ఒకటి ఉంచితే, రీట్యూబింగ్ ఆర్డరు వెళ్లేలోపే ఆ 13 శాతం ఎవరి కంటైనా పడుతుంది.